పాటకు అట్టబొమ్మ వచ్చిన కాలం: జనగామ, మానుకోట, భూపాలపల్లి

మాట కూర్చి, దానికి వరుస కట్టి, తానే గొంతెత్తి పాడే కళాకారుణ్ణి తెలుగు సంప్రదాయం వాగ్గేయకారుడని పిలుస్తుంది. వాక్కు అంటే మాట, గేయమంటే పాడదగినది, ఆ రెండూ ఒక్కరి వల్లనే పుట్టడం ఈ పేరులోని విశేషం. పాశ్చాత్య పాప్, రాక్ సంగీతంలో ఇటువంటి కళాకారుడి చరిత్రను స్టూడియో ఆల్బముల వరుసగా, ఏ ఏడు ఏది విడుదలైందన్న లెక్కగా రాయడం పరిపాటి. పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జనగామ, మహబూబాబాద్ (మానుకోట), జయశంకర్ భూపాలపల్లి జిల్లాలకు ఆ కొలమానం సరిపడదు. ఇక్కడ పాట ముందుగా జనంలో విడుదలైంది, రికార్డు వెనకెనక నడిచి వచ్చింది. అలా వచ్చిన రికార్డు పాటకు కర్త పేరును ఇచ్చి, నిడివిని పుచ్చుకుంది.

కర్త పేరు లేని పాటకు ఈ సీమలో దొరికే తొలి సాక్ష్యం చాలా పాతది. జనగామ జిల్లా పాలకుర్తితో ముడిపడిన 13వ శతాబ్ది శివకవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో భక్తులు పాడుకొనే పదాలను పేర్కొంటూ తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని ఒక వరుస చెప్పుకుపోతాడు. నిన్నటి క్యాసెట్టు వెనక అట్టమీది పాటల పట్టికను తలపించే ఈ వరుసలో పాటల జాతులున్నాయి గాని, పాట కట్టినవారి పేరు ఒక్కటీ లేదు. ద్విపదను, అంటే రెండు పాదాలతో పాడుకోవడానికి వీలుగా నడిచే దేశి ఛందస్సును, కావ్యానికి ఎత్తిన కవి కూడా పాట కట్టినవారిని అడగవలసిన అవసరం చూడలేదంటే, ఆ కాలానికి పాట ఊరి సొత్తన్న భావన ఎంత సహజమైనదో తెలుస్తుంది.

ఒగ్గుకథ ఆ భావనకు మరో ముఖం. ఒగ్గు అంటే శివుని డమరుకాన్ని పోలిన చిన్న వాద్యం. దానిని చేపట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను కురుమ, గొల్ల కులాల పూజారి గాయకులు డోలు, తాళాల నడుమ రాత్రులకు రాత్రులు చెబుతారు. ప్రధాన కథకుడు వచనం నుంచి పాటకు, పాట నుంచి ఆటకు జారుతూ, పక్కనున్న వంతపాటగాడి ప్రశ్నను బట్టి, ఎదుటి జనం మొగాలను బట్టి కథను సాగదీస్తాడు లేదా కుదిస్తాడు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురంలో 1935లో పుట్టి, 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్య ఈ కళను ఊరి పట్నాల నుంచి, అంటే దేవుడి ముందు రంగు పొడులతో వేసే ముగ్గు చుట్టూ జరిగే కొలుపుల నుంచి, దూరదేశపు వేదికల దాకా నడిపించి, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందాడు. తరువాత ఒగ్గుకథ కూడా క్యాసెట్టుకు ఎక్కింది. అయితే ఒక్కో వైపు అరగంట చొప్పున గంట సేపు మాత్రమే నడిచే టేపులో తెల్లవారే దాకా సాగే కథ పట్టదు. దానిని భాగాలుగా కోయవలసి వచ్చింది. కథకుడి ఎదుట జనం బదులు మైకు నిలిచింది.

రికార్డు చరిత్ర మొత్తం ఇటువంటి కత్తిరింపుల చరిత్రే. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ తొలి ధ్వనిముద్రణలు చేసిన నాటి నుంచి, నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెంలో ఒక వైపుకు మూడు నాలుగు నిమిషాల పాటే పట్టేది. ఆల్బమ్ అన్న పేరు కూడా అటువంటి పళ్లేలను ఫొటోల పుస్తకంలా కాగితపు సంచులలో దొంతిగా పెట్టి అమ్మిన అలవాటు నుంచి వచ్చింది. పళ్లెం, దానిని మోగించే పెట్టె కలిగినవారి సొమ్ము కాబట్టి జనగామ తాలూకా పల్లెలలో అది పెద్దగా మోగిన వస్తువు కాదు. అక్కడ మోగింది వేరే. అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో, విసునూరు దేశముఖు మనుషుల తుపాకులకు కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తరువాత సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాట ఒక ఊరి నుంచి మరో ఊరికి కబురులా నడిచింది. గొల్లసుద్దులను, అంటే పశువుల కాపరుల మాటకు మాట బదులిచ్చే కళారూపాన్ని, సుద్దాల హనుమంతు పోరాటానికి మలిచాడు. నిజాం సర్కారును నిలదీస్తూ బండి యాదగిరి కట్టిన పాట ఆయన పేరు తెలియని నోళ్లలో కూడా నిలిచింది.

మానుకోట జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య ఇదే కాలంలో జైలు గోడమీద బొగ్గుతో పద్యం రాశాడు. సున్నం కొడితే మాసిపోయే గోడ, గొంతు ఆగితే ఆగిపోయే పాట, ఈ రెండూ ఒకే రకం మాధ్యమాలని చెప్పవచ్చు. తేడా ఏమంటే దాశరథి పద్యం 1949లోనే అగ్నిధారగా అచ్చయి కవి పేరుతో నిలిచింది, 1961 నుంచి ఆయన సినిమా పాటలు గ్రామఫోను పళ్లేలకు ఎక్కాయి. యాదగిరి పాట మాత్రం గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన మాభూమి సినిమాలో గద్దర్ పాడి, తెరమీద ఆడిన తరువాతే స్థిరమైన ధ్వనిరూపానికి వచ్చింది. పుట్టిన మూడు దశాబ్దాల పైచిలుకుకు వచ్చిన ఈ విడుదలలో కర్తకు భాగం ఎంత మిగిలిందన్నది ఆలోచించవలసిన సంగతి, ఎందుకంటే నేటికీ ఆ పాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది పాడినవాడే.

ఫిలిప్స్ సంస్థ 1963లో బయటపెట్టిన క్యాసెట్టు 1980ల నాటికి మన పల్లెలకు చేరి, పాటను చౌకైన సరుకు చేసింది. రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు ఉంటే ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కించుకోవడం ఇంటి పనే కాబట్టి, కొన్నవాడి కంటే ఎక్కించుకున్నవాడే ఎక్కువ. అయినా క్యాసెట్టు అట్టమీద గాయకుడి బొమ్మ, రచయిత పేరు వచ్చాయి. పాట ఫలానా వారిదన్న సంగతి జాతరలోని క్యాసెట్ల కొట్టు ముందు నిలబడినవాడికి కూడా తెలిసింది. 2016 నుంచి 2019లో ములుగు జిల్లా ఏర్పడే దాకా భూపాలపల్లి జిల్లాలో ఉన్న మేడారంలో మాఘ పౌర్ణమికి రెండేళ్లకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర ఈ వ్యాపారానికి తనదైన పంచాంగాన్ని ఇచ్చింది. జాతర దగ్గర పడితే కొత్త పాటలు దిగేవి. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులున్న మానుకోట జిల్లాలో లంబాడీల తీజ్ పండుగ పాటలు ఇదే దారి పట్టాయి. సొంత లిపి లేని వారి భాష గోర్‌బోలిలోని పాట పేరు తెలుగు అక్షరాలలో అచ్చుకావడం కూడా ఆ అట్ట పుణ్యమే.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో సభ, క్యాసెట్టు, సీడీ ఒకదానికొకటి ఊతమయ్యాయి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అనే ఆటపాటల సభలో పాట విడుదలయ్యేది. డిస్కు ఆ రాత్రి విన్నవారు ఇంటికి తీసుకుపోయే జ్ఞాపకం. పూర్వపు వరంగల్ జిల్లాలో జనగామ ప్రాంతపు రేబర్తిలో 1961లో పుట్టి, బడి మొగం చూడకుండా, గొర్రెలు కాసి, తాపీ పని చేసి కవి అయిన అందెశ్రీ ఈ పరంపరలో పైమెట్టు. ఆయన రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ కాలమంతా సభలలో, బడులలో మోగినా, 2014లో రాష్ట్రం వచ్చిన వెంటనే రాష్ట్ర గీతం కాలేదు. పదేళ్ల తరువాత, 2024 జూన్ 2న సికింద్రాబాదు పరేడ్ మైదానంలో, ఎం.ఎం. కీరవాణి సంగీతంతో అది అధికారికంగా విడుదలైంది. తెలంగాణ సంగీతకారులకే ఆ పని అప్పగించవలసిందన్న అభ్యంతరం వచ్చింది. రెండు దశాబ్దాలుగా జనం తమ వరుసలో పాడుకున్న పాటకు స్టూడియో వరుస పెట్టినప్పుడు అటువంటి పేచీ రాకపోతేనే వింత.

హైదరాబాదులో రాహుల్ సిప్లిగంజ్ వంటి గాయకులు సినిమాతో పని లేకుండా యూట్యూబులో సొంత పాటలు వదలడం అలవాటైన నాటికి, ఆల్బమ్ మళ్లీ ఒక్కొక్క పాటగా విడిపోయింది. ఈ ఒక్కొక్క పాటల కాలంలోనే అందెశ్రీ 2025 నవంబరు 10న కన్నుమూశాడు. రాష్ట్ర గీతంగా ఆయన పాటకు రెండు రికార్డులు మిగిలాయి; పూర్తి పాఠం పదమూడున్నర నిమిషాలు, ప్రభుత్వ కార్యక్రమాలలో పాడడానికి కుదించినది రెండున్నర నిమిషాలు, అంటే పాత 78 చుట్ల పళ్లెంలో ఒక వైపుకు సరిపోయేంత.