నిప్పుల మీద మాంసం కాల్చడం

నిప్పుల మీద మాంసం కాల్చడం అనగా మాంసాన్ని గానీ చేపలను గానీ నీటిలో ఉడికించకుండా, నూనెలో వేయించకుండా, బొగ్గుల సెగ మీదనే పక్వం చేసే పద్ధతి. ఇనుప ఊచలకు గుచ్చి కాల్చిన ముక్కలను కోస్తా ఆంధ్రలో చీకులు అంటారు. ఉర్దూలో ఊచకు వాడే సీఖ్ అనే మాటకు ఇది రూపాంతరంగా కనిపిస్తుంది. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన బార్బెక్యూ అనే పదం కరీబియన్ దీవుల తాయినో భాష నుండి స్పానిష్ ద్వారా ఆంగ్లంలోకి చేరింది. మాంసాన్ని పొగబెట్టడం దీనికి సమీపమైనదే అయినా వేరొక పద్ధతి. నెల్లూరు తీర ప్రాంతపు ఇళ్ళలో ఈ రెండింటినీ ఎలా చేసుకోవచ్చునో, ముఖ్యంగా మాంసం లోపలి వరకు ఉడికినదీ లేనిదీ ఎలా తెలుసుకోవాలో ఈ వ్యాసంలో వివరించబడింది.

పూర్వ ప్రస్తావనలు

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసము అనే సంస్కృత గ్రంథంలో మాంసపు ముక్కలను శలాకలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే వంటకాల వర్ణన ఉంది. తెలుగునాట అరకు ప్రాంతపు గిరిజనులు కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి మంటలో కాల్చే బొంగు చికెన్ నేడు ప్రసిద్ధం. గ్యాసు పొయ్యిలు రాక పూర్వం బొగ్గుల కుంపటి ఉన్న ప్రతి ఇంటిలోనూ ఈ వంటకు కావలసిన సాధనం ఉన్నట్లే.

మాంసం, బొగ్గులు

నెల్లూరు జాతి గొర్రెలు భారతదేశపు గొర్రెలలో పొడవైనవి. వీటిలో పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలున్నాయి. వీటి ఒంటిమీద ఉన్నికి బదులు చిన్న వెంట్రుకలే ఉంటాయి, పెంపకం మాంసం కొరకే. తొడ మాంసంలో కొవ్వు తక్కువ కనుక సెగకు త్వరగా ఎండి గట్టిపడుతుంది. ముక్కలకు పచ్చి బొప్పాయి ముద్ద కొద్దిగా పట్టించితే అందులోని పపెయిన్ అనే ఎంజైము మాంసాన్ని మెత్తబరుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిలా అయిపోతుంది.

తీరం వెంబడి సరుగుడు కట్టె, సర్కారు తుమ్మ బొగ్గు సులభంగా లభిస్తాయి. పొలాలను ఆక్రమించినదని రైతులు తిట్టుకునే ఈ సర్కారు తుమ్మ అమెరికా ఖండాలకు చెందిన మొక్క. అమెరికాలోని టెక్సాస్ వాసులు మాంసం కాల్చడానికి ఎంతో ఇష్టపడే మెస్కీట్ దీనికి దగ్గరి చుట్టం. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచిదే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, తారు పూసిన పాత పడవ పలకలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. వాటి పొగలోని విషపదార్థాలు మాంసానికి అంటుకుంటాయి.

బొగ్గులపై మంట అణగి, తెల్లని బూడిద పూత ఏర్పడిన తరువాతనే ఊచలను పెట్టాలి. నిప్పులను ఒక ప్రక్కకు చేర్చి, రెండవ ప్రక్క ఖాళీగా ఉంచుకొంటే, పైన మాడుతూ లోపల పచ్చిగా ఉన్న ముక్కను అటు జరిపి నిదానంగా ఉడికించవచ్చు.

లోపలి ఉష్ణోగ్రత

చీకులు కాల్చేవారు సాధారణంగా రంగును, కారే రసాన్ని చూసి ఉడికినదని నిర్ణయిస్తారు. ఇది నమ్మదగిన గుర్తు కాదు. పసుపు, కారం పట్టించిన ముక్క మొదటి నుండీ ఎర్రగానే ఉంటుంది. కొన్నిసార్లు మాంసం తగినంత వేడెక్కక ముందే గోధుమరంగుకు మారుతుంది. దీనికి విరుద్ధంగా, నిప్పుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి, బాగా ఉడికిన మాంసానికి సైతం గులాబి రంగు నిలుపుతాయి. కోడిమాంసంలో ఉండే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు నశించినవో లేదో తెలిపేది ఉష్ణమాపకం మాత్రమే.

అమెరికా వ్యవసాయ శాఖ సూచన ప్రకారం మాంసం మధ్య భాగంలో ఉండవలసిన కనీస ఉష్ణోగ్రత కోడికి 74 డిగ్రీల సెల్సియస్, కొట్టిన మాంసానికి (ఖీమా) 71 డిగ్రీలు, చేపలకు 63 డిగ్రీలు. పెద్ద మాంసపు ముక్కలకు 63 డిగ్రీలు, దించిన తరువాత 3 నిమిషాల విరామం. గొర్రె మాంసాన్ని మనవారు ఇంతకంటే ఎక్కువగానే ఉడికిస్తారు కనుక ప్రమాదమంతా కోడి, ఖీమాల విషయంలోనే అని చెప్పవచ్చు.

వంటకు ఉద్దేశించిన, సూదిమొన గల డిజిటల్ ఉష్ణమాపకాన్ని వాడాలి. జ్వరమానిని సుమారు 42 డిగ్రీల వరకే చూపుతుంది. పాఠశాల ప్రయోగశాలలోని పాదరసపు ఉష్ణమాపకం పగిలితే ఆ భోజనమంతా పారవేయవలసిందే. మొనను ముక్కలో అతి మందమైన చోట గుచ్చాలి, ఎముకకు తగలనీయరాదు. చీకుల విషయంలో మరొక మెలకువ అవసరం. ఇనుప ఊచ మాంసం కంటే ముందే వేడెక్కుతుంది కనుక, మొన ఊచకు తగిలితే అంకె ఎక్కువగా చూపి మోసగిస్తుంది. ప్రక్క నుండి గుచ్చి చూడాలి.

పరికరం సరిగా ఉన్నదీ లేనిదీ పరీక్షించడానికి మంచుగడ్డలు నిండుగా వేసిన నీటిలో ముంచితే 0, మరిగే నీటిలో 100 డిగ్రీలు చూపాలి. మైపాడు, కోడూరు వంటి సముద్రమట్టపు గ్రామాలలో ఈ రెండవ పరీక్ష చక్కగా సరిపోతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది.

పొగబెట్టడం

వేడి పొగ పద్ధతిలో మూత గల పాత్రలో ఉష్ణోగ్రతను సుమారు 107 నుండి 135 డిగ్రీల మధ్య నిలిపి, కొన్ని గంటలపాటు పొగలో ఉడికిస్తారు. ఇది ఇంట్లో చేసుకోదగినది. ఇందులోనూ మాంసపు లోపలి ఉష్ణోగ్రతను పైన చెప్పినట్లే చూడాలి. చల్లని పొగ పద్ధతిలో మాంసం ఉడకదు, పొగ వాసన మాత్రమే పడుతుంది. దానికి సుమారు 30 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరులో దీనిని ఇంట్లో ప్రయత్నించరాదు. పొగ పట్టినంత మాత్రాన మాంసం నిలువ ఉండదు. లక్షద్వీపాలలో తూర చేపతో చేసే మాస్మిన్ నిలువ ఉండటానికి కారణం పొగ ఒక్కటే కాదు, ముందుగా ఉడకబెట్టి, పొగబెట్టి, బాగా ఎండబెట్టడం.

జాగ్రత్తలు

మసాలా పట్టించిన మాంసాన్ని ఫ్రిజ్‌లోనే నానబెట్టాలి. 32 డిగ్రీలు మించిన వాతావరణంలో మాంసం గంట కంటే ఎక్కువసేపు బయట ఉండరాదు. పచ్చి మాంసం ఉంచిన పళ్ళెంలో కాల్చిన ముక్కలను తిరిగి వేయరాదు. ఈ పొరపాటు చదువుకున్న ఇళ్ళలోనూ తరచుగా కనిపిస్తుంది. కానాగంతలు, తూర వంటి చేపలు కాల్చక ముందే ఎండలో చెడితే వాటిలో హిస్టమిన్ ఏర్పడుతుంది. ఎంత కాల్చినా అది పోదు కనుక ఈ చేపల విషయంలో ఉష్ణమాపకం కూడా అక్కరకు రాదు, పడవ దిగినప్పటి నుండి మంచులో ఉంచడమే మార్గం.

కొవ్వు నిప్పులపై కారినపుడు లేచే పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. మాడిన భాగాలను తీసివేయడం మంచిది. పొగబెట్టినవాటితో సహా నిలువకై శుద్ధి చేసిన మాంసాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

అన్నింటికంటే తక్షణ ప్రమాదం బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు, వాసన లేవు. నెల్లూరు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలు ఎక్కువ. కాలుస్తుండగా వాన వస్తే కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూయడం ప్రాణాంతకం. కిటికీ తెరిచినా చాలదు. నిప్పులు ఆరినట్లు కనిపించిన తరువాత కూడా కొన్ని గంటలపాటు ఈ వాయువు వెలువడుతుంది కనుక కుంపటిని మరునాటి ఉదయం వరకు ఆరుబయటనే ఉంచాలి.