ఒక్క కాపీ అంటే కాపీ లేనట్టే (మన కాగితాలు – 9)



పోయిన భాగంలో ట్రంకు పెట్టెల గురించి రాశాను. పట్టా కాగితాలు, ఎఫ్ఐఆర్ నకళ్లు, సంఘం కరపత్రాలు, పాత సభల ఫొటోలు మన వాడల్లో ఎలా చెదలు పట్టి పోతున్నాయో చెప్పాను. అది చదివిన యూనివర్సిటీ పిల్లలు చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు: "అన్నా, స్కాన్ చేశాం. ఏ హార్డ్‌డిస్క్ కొనమంటావు?"

మంచి ప్రశ్నే. కానీ ఏ కంపెనీది కొనాలి అన్నది చిన్న విషయం. ఎన్ని కొనాలి, ఎక్కడెక్కడ పెట్టాలి, ఎవరి చేతిలో పెట్టాలి అన్నది పెద్ద విషయం. అది షాపువాడు చెప్పడు. మన చరిత్రే చెప్పాలి. అందుకే ఈ భాగం.

1956 నుంచి మొదలుపెడదాం. మనకు ఆ ఏడాది అంటే అక్టోబర్ 14 నాగపూర్ దీక్ష, డిసెంబర్ 6 బాబాసాహెబ్ పరినిర్వాణం. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికాలో ఐబీఎం కంపెనీ ప్రపంచంలో మొట్టమొదటి హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్‌ని ప్రకటించింది. పేరు రామాక్. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి. బరువు దాదాపు టన్ను. అంత యంత్రంలో పట్టింది ఐదు మెగాబైట్లు, అంటే ఇవాళ మీ ఫోన్‌తో తీసే ఒక ఫొటో. ఇప్పుడు చొక్కా జేబులో పట్టే ఒక టెరాబైట్ డిస్కులో అలాంటివి రెండు లక్షల యంత్రాల సరుకు పడుతుంది.

ఆ యంత్రం మార్కెట్లోకి వచ్చిన కాలంలోనే ఢిల్లీలో 26 అలీపూర్ రోడ్డు ఇంట్లో బాబాసాహెబ్ రాతప్రతులు కట్టలు కట్టలుగా ఉండిపోయాయి. వాటికి ఏమైందో మనలో చాలామందికి తెలీదు.

ఆయన చనిపోయాక ఆ ఇల్లు చేతులు మారింది. 1960లలో ఆ కాగితాలున్న గది ఖాళీ చేయించి, కట్టల్ని ఆరుబయట పడేశారు. వాన పడింది. కొన్ని అక్కడే పాడైపోయాయి. మిగిలినవి వారసత్వ తగాదాల మధ్య, కోర్టు నియమించిన అధికారుల అదుపులో, ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉండిపోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురణ కమిటీ వేసింది 1976లో. మొదటి సంపుటం వచ్చింది 1979లో. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' అచ్చులో కనబడింది 1987లో, అంటే ఆయన పోయిన 31 ఏళ్లకి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకంగా వచ్చింది 1990లో. కొన్ని అధ్యాయాలు అసంపూర్తిగానే అచ్చు వేయాల్సి వచ్చింది. ఇవాళ మనం చదివేది మిగిలింది మాత్రమే.

ఇప్పుడు దీని పక్కన 'కుల నిర్మూలన'ని పెట్టి చూడండి. 1936లో లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచారు. ప్రసంగం చదివి భయపడి సభే రద్దు చేశారు. ఆయన ఏం చేశాడు? సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. వేదిక మీద ఒక్క ముక్క కూడా పలకని ఆ ప్రసంగం అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా కనుమరుగు కాలేదు. మండల్ వాళ్లు వద్దన్నా, ప్రభుత్వం కావాలన్నా వద్దన్నా, అది 1500 ఇళ్లలో ఉంది.

రాసిన చెయ్యి ఒకటే. ఒకటి వానలో తడిసింది, ఇంకొకటి బతికింది. తేడా విలువలో లేదు. తేడా కాపీల్లో ఉంది.

ఈ దేశంలో కాపీ తీసుకోవడం కూడా కులమే అని నేనంటే కొందరికి కోపం వస్తుంది. కానీ చూడండి. తాటాకు గ్రంథం మన ఎండకి, వానకి, పురుగుకి కొన్ని వందల ఏళ్లకంటే నిలవదు. మరి వేల ఏళ్ల గ్రంథాలు ఎలా ఉన్నాయి? ప్రతి రెండు మూడు తరాలకి ఎవరో ఒకరు కూర్చుని తిరగరాశారు కాబట్టి. రాసేవాడికి అన్నం పెట్టే మఠం ఉంది, మాన్యం ఇచ్చే రాజు ఉన్నాడు. వేదాన్ని అయితే రాయకుండానే నిలబెట్టుకున్నారు. పదం, క్రమం, జట, ఘనం అని ఒకే మంత్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి వల్లె వేయించారు, ఒక్క అక్షరం తప్పినా దొరికిపోయేలా. ఇవాళ కంప్యూటర్ వాళ్లు చేసే సరిచూసే లెక్క లాంటిదే అది. అదే చేత్తో, విన్న శూద్రుడి చెవిలో కరిగించిన తగరమో లక్కో పోయమని గౌతమ ధర్మసూత్రంలో రాసుకున్నారు. బ్యాకప్ వాళ్లది, శిక్ష మనది.

మనకి అసలు లేదా అంటే, ఉంది. మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు ఊరూరా తిరిగారు. పటం విప్పి కథ చెప్పారు. ఒక ఊళ్లో ముసలాయన పోతే పక్క తాలూకాలో ఇంకో డక్కలాయన నోట్లో అదే కథ ఉంది. కథ ఒక్కచోట లేదు కాబట్టే పోలేదు. మన పెద్దలకి కంప్యూటర్ తెలీకపోయినా ఈ సూత్రం తెలుసు.

కాగితానికి వచ్చేసరికే మనకు దెబ్బ తగిలింది. 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టాడు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. కుసుమ ధర్మన్న రాజమండ్రి నుంచి 'జయభేరి' నడిపాడు. ఈ పత్రికల పాత సంచికలన్నీ వరసగా ఒక్కచోట చదవాలని ఏ విద్యార్థైనా బయల్దేరితే ఎంత తిరగాలో, తిరిగినవాళ్లకి తెలుసు. అవి రాయకపోవడం వల్ల కాదు మనకి దూరమైంది. దాచే గది, తిరగరాసే చెయ్యి మనకి లేకపోవడం వల్ల.

ఇక మన కాలానికి వద్దాం.

కారంచేడు: 1985 జూలై 17. సుప్రీంకోర్టు చివరి తీర్పు: 2008 డిసెంబర్. మధ్యలో 23 ఏళ్లు.

చుండూరు: 1991 ఆగస్టు 6. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అక్కడికే 23 ఏళ్లు. ఆ తర్వాత సుప్రీంకోర్టు మెట్లు.

మన న్యాయానికి పట్టే కాలం ఇదీ. మరి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ డబ్బా మీద వారంటీ ఎంత ఉంటుంది? రెండేళ్లు, మూడేళ్లు. అదృష్టం బాగుంటే ఇంకా ఎక్కువే పనిచేస్తుంది. కానీ అదృష్టాన్ని నమ్ముకుని కేసు నడపలేం కదా. నేను ఐదేళ్లకి ఒక డిస్కు అని లెక్క వేసుకుంటాను. ఆ లెక్కన ఒక్క చుండూరు కేసు హైకోర్టు తీర్పు దాకా రావడానికి ఐదు డిస్కులు మార్చాలి. 1991లో ఎవరైనా ఫ్లాపీలో దాచి ఉంటే ఇవాళ దాన్ని పెట్టడానికి కంప్యూటర్‌కి నోరే లేదు. తర్వాత సీడీ వచ్చింది, దానికీ ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చోటు లేదు. కాబట్టి డిస్కు కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే దాచినట్టు కాదు. కొత్తదానిలోకి ఎక్కిస్తూ పోవాలి. తాటాకు తిరగరాసినట్టే.

ఇంకో చిక్కు మన తెలుగుకి ప్రత్యేకం. తొంభైల నుంచి మన పత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైలు ఇవాళ తెరిస్తే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనబడతాయి. ఫైలు ఉంటుంది, అక్షరం ఉండదు. అందుకని పాత ఫైలుతో పాటు దాని పీడీఎఫ్ ఒకటి, వీలైతే యూనికోడ్‌లో మార్చిన పాఠం ఒకటి దాచాలి.

చెదలు, తుప్పు, కాలం ఒక వైపు. రాజ్యం ఇంకో వైపు. 2018 ఆగస్టు 28న హైదరాబాద్ ఇఫ్లూలో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటి మీదకి భీమా కోరేగావ్ కేసు పేరుతో పుణె పోలీసులు వచ్చారు. ఆయన సూసీ తారుతో కలిసి దక్షిణాది దళిత రచనల సంకలనాలు తెచ్చిన మనిషి. సోదా చేసి కంప్యూటర్, హార్డ్‌డిస్కులు పట్టుకుపోయారు. ఆయన మీద కేసు లేదు. అయినా ఏళ్ల పని ఇంట్లోంచి ఒక్కరోజులో వెళ్లిపోయింది. అదే కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్ కాపీని పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, అందులోకి బయటి నుంచి ఫైళ్లు చొప్పించారని 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఏదైనా మనకి అర్థం కావాల్సింది రెండు ముక్కలు: ఇంట్లో ఉన్న ఒక్క కాపీ మనది కాదు. రెండోది, మన ఫైలు మారలేదని చూపించే రుజువు మన దగ్గర ఉండాలి.

సరే, ఇప్పుడు పని. మా ఇంట్లో నేను చేసేది చెబుతాను. మీకు వీలైనట్టు మార్చుకోండి.

పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది: మూడు, రెండు, ఒకటి. మూడు కాపీలు. రెండు రకాల వస్తువుల మీద. ఒకటి ఇంటి బయట. నా దగ్గర ల్యాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో హార్డ్‌డిస్క్‌లో ఒకటి. మూడోది వేరే జిల్లాలో మా చెల్లెలి ఇంట్లో. పండక్కి వెళ్లినప్పుడు పాతది తెచ్చి, కొత్తది ఇచ్చి వస్తాను. వరదొచ్చినా, ఇల్లు తగలబడినా, పోలీసులొచ్చినా ఒకేరోజు మూడూ పోవు.

ఎక్కించడం అయ్యాక కేబుల్ పీకేయండి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కు బ్యాకప్ కాదు. వైరస్ వచ్చి ల్యాప్‌టాప్‌ని మూసేస్తే దాన్ని కూడా మూసేస్తుంది. పీకేముందు స్క్రీన్ మీద ఎజెక్ట్ నొక్కండి.

పళ్లేలు తిరిగే మామూలు డిస్కు పనిచేస్తుండగా కదపకండి, కింద పడనివ్వకండి. లోపల చదివే ముల్లు పళ్లేనికి తగలకుండా వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని సందులో తేలుతూ ఉంటుంది. తగిలితే గీత పడ్డట్టే. ఎస్ఎస్‌డీకి ఆ బెడద లేదు, కానీ కరెంటు తగలకుండా ఏళ్లు పక్కన పడేస్తే అందులోని సమాచారం మెల్లగా జారిపోవచ్చు. ఏళ్ల తరబడి దాచడానికి మామూలు డిస్కే చవక. ఏదైనా ఆరు నెలలకోసారి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ నమ్మకమే తప్ప బ్యాకప్ కాదు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా ఫోన్ నుంచి నేరుగా కేబుల్‌తో ఎక్కించండి. అసలు ఫైలుని ఎప్పుడూ దిద్దకండి. దిద్దాలంటే దాని కాపీని దిద్దండి.

దాడి కేసుల ఫైళ్లకి ఎక్కించిన రోజే హాష్ విలువ తీసి నోటు పుస్తకంలో రాసుకోండి. అది ఫైలు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హాష్ విలువ అడుగుతున్నారు. మన లాయర్లకి ఇది మొదటిరోజే అందాలి, 23వ ఏట కాదు.

బాధితుల పేర్లు, సాక్షుల వాంగ్మూలాలు తాళం లేని డిస్కులో పెట్టకండి. డిస్కు పోతే కాగితాలు పోతాయి, దొరికితే సాక్షులు పోతారు. వెరాక్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది, దానితో తాళం వేయండి. వాళ్లని అడగకుండా వాళ్ల మాటలు దాచకండి, పంచకండి.

చివరిగా ఒకటి. తాళం వేశాక ఆ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? మీకొక్కరికే అయితే, రేపు మీరు లేకపోతే ఆ డిస్కు ఇటుకే. బాబాసాహెబ్ కాగితాలకి వానకంటే ఎక్కువ ఆలస్యం చేసింది, అవి ఎవరివి, ఎవరు తెరవాలి అన్న ప్రశ్నే. కాబట్టి ఇప్పుడే తేల్చండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరు అంటించి, ఉద్యమంలో మీరు నమ్మే ఇద్దరికి ఇవ్వండి. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే ఇంకా మంచిది. మన ఇళ్లలో కాగితాలు ఇన్నాళ్లు కాపాడింది వాళ్లే.

డబ్బు మాటేమిటి అంటారు. ఒక్కరికి భారమే. పదిమంది స్టూడెంట్లు చందా వేసుకుంటే రెండు డిస్కులు వస్తాయి. హాస్టల్లో ఒకటి, ఊళ్లో ఒకటి. విగ్రహానికి చందా ఇచ్చే మన జనం దీనికీ ఇస్తారు, అడిగితే.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక్క కాగితం తీయండి. తాత పట్టా కావచ్చు, అమ్మ ఉపాధి కార్డు కావచ్చు, సంఘం తొలి రసీదు పుస్తకం కావచ్చు. స్కాన్ చేయండి, మూడుచోట్ల పెట్టండి. పెట్టాక కామెంట్లో "మూడు" అని రాయండి చాలు. ఏం కాగితమో, ఎక్కడ పెట్టారో రాయొద్దు.

వచ్చే భాగంలో: మన పెద్దల గొంతులు రికార్డు చేయడం ఎలా, ఏం అడగాలి, ఏం అడగకూడదు.

జై భీమ్.