జీతంలో కోత - కష్టజీవి ప్రశ్న

అమెరికా వచ్చి మొదటి జీతం చీటీ చేతికందిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో చూసుకుని మురిసిపోయిన అంకె ఒకటి, బ్యాంకులో పడిన అంకె మరొకటి. ఆ రెండింటి మధ్యా వరుసగా కోతలు. వాటిలో 'మెడికేర్' అన్న మాటకి ఎదురుగా నూటికి 1.45 డాలర్లు. "పాతికేళ్ళవాణ్ణి, నాకెందుకీ ముసలివాళ్ళ వైద్యం ఖర్చు?" అని ఆ రోజు విసుక్కోనివారు అరుదు. అయితే ఈ ప్రశ్న మనతో పుట్టింది కాదు. దీని వయసు సుమారు నూటనలభై ఏళ్ళు.

జబ్బు చేసినప్పటి ఖర్చు కోసం జీతంలో తప్పనిసరిగా కొంత మినహాయించాలని ఒక దేశమంతటికీ చట్టం చేసిన మొదటివాడు జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్. అది 1883 జూన్ 15న వచ్చింది. చందాలో రెండు వంతులు కార్మికుడిది, ఒక వంతు యజమానిది. జబ్బుపడితే వైద్యంతో పాటు 13 వారాల వరకు సగం జీతం వచ్చేది. కార్మికుల పక్షాన నిలిచిన సోషల్ డెమొక్రాట్లే పార్లమెంటులో దీన్ని వ్యతిరేకించారు. బిస్మార్క్ తమ ఉద్యమాన్ని చల్లార్చడానికే ఈ తాయిలం పెడుతున్నాడని వారి అనుమానం. కానీ రెండు వంతులు కట్టేవారికి నిధి పాలకవర్గంలోనూ రెండు వంతుల స్థానాలు దక్కాయి. క్రమంగా ఆ కార్మిక నాయకులే చాలా ఊళ్ళలో ఈ నిధులను నడిపే స్థితికి వచ్చారు. డబ్బు కట్టినవాడికి మాట చెల్లింది.

ఆ ఆలోచన అమెరికా చేరేసరికి కథ అడ్డం తిరిగింది. 1915 ప్రాంతంలో కొందరు సంస్కర్తలు ఒక నమూనా బిల్లు తయారుచేశారు. ఖర్చులో అయిదింట రెండు వంతులు కార్మికుడు, రెండు వంతులు యజమాని, ఒక వంతు ప్రభుత్వం భరించాలన్నారు. డాక్టర్లు, బీమా కంపెనీలు ఎదురు తిరిగారంటే అర్థం చేసుకోవచ్చు. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు శామ్యూల్ గోంపర్స్ కూడా ఎదురు తిరిగాడు. చుట్టలు చుట్టి బతికిన కార్మికుడాయన. జీతాలు పెంచితే మా వైద్యం మేమే చూసుకుంటాం, బీమా పేరుతో ప్రభుత్వం మా సొంత జీవితాల్లోకి రానవసరం లేదన్నది ఆయన వాదన. న్యూయార్క్ రాష్ట్ర కార్మిక సమాఖ్య మాత్రం ఆయన మాట కాదని బిల్లును బలపరిచింది. అంటే కార్మికులలోనే రెండు అభిప్రాయాలన్నమాట. యుద్ధకాలంలో దానికి 'జర్మన్ సరుకు' అన్న ముద్ర కూడా పడింది. 1918లో కాలిఫోర్నియా ఓటర్లు ఈ ప్రతిపాదనను తిరస్కరించారు. 1919లో న్యూయార్క్ సెనేట్ ఆమోదించినా దిగువ సభలో బిల్లు ఆగిపోయింది.

చట్టం లేకపోయినా కోత మాత్రం కొన్నిచోట్ల ఉండనే ఉంది. వెస్ట్ వర్జీనియా, కెంటకీ బొగ్గుగనుల్లో జబ్బు చేసినా చేయకపోయినా డాక్టరు ఫీజు కింద ప్రతినెలా కూలిలో పట్టుకునేవారు. డాక్టరును నియమించేది కంపెనీ. మన సింగరేణి వైపు నుంచి వచ్చినవారికి కంపెనీ ఆసుపత్రి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ గని కార్మికుల ఫిర్యాదు కోత గురించి కాదు. "డబ్బు మాది, డాక్టరు వాళ్ళ మనిషి" అన్నదే వారి బాధ. గనిలో దెబ్బతగిలి పరిహారం అడిగితే ఆ డాక్టరు ఎవరి వైపు మాట్లాడతాడన్నది వారి సందేహం.

1946లో జాన్ ఎల్. లూయీస్ నాయకత్వంలో సమ్మె జరిగింది. ట్రూమన్ ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుని, మే 29న కార్మిక సంఘంతో ఒప్పందం కుదుర్చుకుంది. దాని ప్రకారం టన్నుకి 5 సెంట్ల చొప్పున యాజమాన్యం కట్టే సంక్షేమ నిధి ఒకటి ఏర్పడింది. కూలిలోంచి పట్టుకునే వైద్యపు సొమ్ము సంఘం నియమించిన ధర్మకర్తల చేతికి వచ్చింది. 1956లో సంఘం పది ఆసుపత్రులు తెరిచింది. అయితే బొగ్గుకి గిరాకీ తగ్గగానే నిధీ తరిగింది. 1960ల మొదట్లో ఆ ఆసుపత్రులను వదులుకోక తప్పలేదు. ఒక్క పరిశ్రమ మీద ఆధారపడిన నిధి ఆ పరిశ్రమతోనే కుంగిపోతుందన్న పాఠం అక్కడ దొరికింది.

దేశమంతా కలిసి మోసే పథకం 1965 జూలై 30న మెడికేర్ రూపంలో వచ్చింది. 1966లో ఉద్యోగి వాటా 0.35 శాతం, అదీ 6,600 డాలర్ల జీతం వరకే. అంటే ఏడాదికి మహా అయితే 23 డాలర్ల 10 సెంట్లు. 1986 నుంచి అది 1.45 శాతం. 1994లో జీతం పరిమితి కూడా ఎత్తేశారు.

మన దేశంలో ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో అమలు మొదలైంది. డిస్పెన్సరీలో గంటల తరబడి క్యూలో నిలబడి, మందులు లేవనిపించుకుని తిట్టుకున్న కార్మికుడే, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చిన రోజున ఆ కార్డు వెతుక్కుని పరుగెత్తాడు. 2019 జూలైలో కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75 శాతానికి తగ్గింది.

ఈ చరిత్రంతా చూస్తే కష్టజీవి ఎక్కడైనా అడిగినవి మూడే ప్రశ్నలు. ఎంత కోస్తారు? ఆ డబ్బు మీద పెత్తనం ఎవరిది? అవసరానికి అది నాకు అందుతుందా? మనవాళ్ళకి మూడో ప్రశ్నే ముఖ్యం. మెడికేర్ ఆసుపత్రి బీమా ప్రీమియం లేకుండా రావాలంటే మామూలుగా 40 క్వార్టర్లు, అంటే పదేళ్ళ ఉద్యోగం ఉండాలి. అంతకు ముందే ఇంటికి తిరిగి వెళ్ళినవారు కట్టినదంతా ఇక్కడే ఉండిపోతుంది. పైగా 2025 జూలై 4న వచ్చిన చట్టం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, మరి కొన్ని చిన్న వర్గాలకు తప్ప మెడికేర్ అర్హత లేకుండా చేసింది. గ్రీన్ కార్డు వరుసలో పదేళ్ళు దాటి నిలబడ్డ హెచ్-1బి ఉద్యోగి సంగతేమిటి? అతడి జీతంలో కోత ఆగలేదు, అర్హత మాత్రం ఆగింది.

మన తోటి ఉద్యోగి తల్లికో, పక్కింటి పెద్దాయనకో ఆ 1.45 శాతం ఈ రోజు వైద్యం చేయిస్తోంది. అందుకు చింతించనక్కరలేదు. పదిమంది కలిసి మోస్తేనే పల్లకి కదులుతుంది. కానీ మోసేవాడికీ ఒకనాడు అలుపు వస్తుంది. ఆనాడు తనకి చోటుంటుందా అని అడగడం స్వార్థం కాదు. జర్మనీ కార్మికులూ, కెంటకీ గని కూలీలూ అడిగి సాధించుకున్నది అదే. వచ్చే నెల జీతం చీటీ చూసినప్పుడు ఆ గీతను దాటవేయకుండా ఒక్క నిమిషం ఆగి చదువుదాం. అడగవలసినచోట కలిసి అడుగుదాం.