సేకర్తా? చరిత్రకారుడా?: మెకంజీ సేకరణ, కావలి సోదరులు, ప్రాచ్యవాద దృష్టి

1. ఉపోద్ఘాతం

ప్రాచ్య సంస్కృతులను పాశ్చాత్యులు ఎలా చూశారన్న చర్చ సాధారణంగా జేమ్స్ మిల్, మెకాలేల పేర్లతో మొదలవుతుంది. మిల్ భారతదేశంలో అడుగుపెట్టలేదు, ఇక్కడి భాష ఒక్కటీ నేర్వలేదు. అయినా 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్రను ప్రకటించాడు. మెకాలే 1835 నాటి విద్యా నివేదిక అందరికీ తెలిసిందే. వీరి తిరస్కారం బాహాటమైనది కనుక దాన్ని గుర్తుపట్టడం తేలిక. 1978లో ఎడ్వర్డ్ సయీద్ 'ఓరియంటలిజం' గ్రంథంలో చూపిన అంశం అంతకంటె సూక్ష్మమైనది. తూర్పును ఆసక్తితో, శ్రమతో అధ్యయనం చేసిన పండితుల రచనల్లో సైతం తెలుసుకునేవాడు పాశ్చాత్యుడు, తెలుసుకోదగిన వస్తువు ప్రాచ్యం అన్న విభజన పనిచేసిందన్నది ఆయన వాదంలోని ముఖ్యాంశం. ఈ విభజన తెలుగు నేలపై ఎలా అమలయిందో మెకంజీ సేకరణ, అందులో కావలి సోదరుల పాత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సేకరణ - సేకర్తలు

స్కాట్లాండులోని లూయిస్ ద్వీపానికి చెందిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత మైసూరు సర్వే బాధ్యత అతనికి దక్కింది. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమిని కొలిచే పనితోపాటు గ్రామ చరిత్రలు, శాసనాలు, తాళపత్రాలు, నాణేలు సేకరింపజేశాడు. ఆ సేకరణకు హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన వివరణాత్మక సూచిక 1568 సాహిత్య ప్రతులను, 2070 స్థానిక చరిత్రలను, 8076 శాసనాలను లెక్కగట్టింది.

మెకంజీకి దేశభాషలు రావు. ఈ విషయాన్ని అతడే ఒప్పుకున్నాడు. అందువల్ల ఊళ్ళు తిరిగి కరణాలను అడిగినవారు, దండకవిలెలు చదివినవారు, శాసనాలకు ప్రతులు తీసినవారు, కైఫియత్తులు రాసినవారు అతని దేశీయ సహాయకులే. వారిలో ప్రముఖులు ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే మరణించాడు. భారతీయ విజ్ఞాన ద్వారంలోకి తనకు తొలి ప్రవేశం కల్పించింది బొర్రయ్యేనని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. జైనులను గురించిన బొర్రయ్య వ్యాసం 'ఏసియాటిక్ రీసెర్చెస్' తొమ్మిదవ సంపుటంలో వెలువడింది. కాని అక్కడ అతడు అనువాదకుడిగానే కనిపిస్తాడు.

థామస్ హికీ 1816లో చిత్రించిన వర్ణచిత్రంలోనూ ఇదే అమరిక ఉంది. మధ్యలో ఎర్రని సైనిక దుస్తుల్లో మెకంజీ నిలబడి ఉంటాడు. చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు ఉంటారు. సహాయకులను చిత్రంలోకి రానిచ్చినందుకు ఇది అరుదైన చిత్రం. వారి స్థానమేదో చెప్పినందుకు అది ఆ కాలపు చిత్రం కూడా.

3. 1836 నాటి నిర్ణయం

మెకంజీ 1821లో మరణించాడు. కంపెనీ అతని భార్య నుండి సేకరణను కొనుగోలు చేసింది. అందులో కొంత భాగం లండనుకు తరలింది, దక్షిణాది భాషల సామగ్రిలో అధిక భాగం మద్రాసుకు చేరింది. బొర్రయ్య తరువాత దేశీయ సహాయకులకు నాయకత్వం వహించిన లక్ష్మయ్య, ఆగిపోయిన పరిశోధనను తాను కొనసాగిస్తానని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. ప్రభుత్వం కలకత్తా ఏసియాటిక్ సొసైటీ అభిప్రాయం కోరింది. 1836లో సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన సమాధానం ప్రతికూలం. సేకరణలో లక్ష్మయ్య ఉపయోగపడగలడు గాని, వివేచన, సాధారణీకరణ కావలసిన విమర్శనాత్మక కార్యానికి ఏ దేశీయుడి అర్హతలూ చాలవన్నది దాని సారాంశం. సేకరణను పరిశీలించే పని విలియం టేలర్ అనే క్రైస్తవ మతాచార్యుడికి దక్కింది.

ఈ తీర్పు వెలువడేనాటికే రామస్వామి 'దక్కను కవుల జీవిత సంగ్రహాలు' ఇంగ్లీషులో 1829లోనే కలకత్తాలో అచ్చయింది. దేశీయుడు పుస్తకం రాయగలడనడానికి సాక్ష్యం సొసైటీ ఉన్న నగరంలోనే ఉంది. ఆ మరుసటి సంవత్సరం బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించి చిరకీర్తి పొందిన ప్రిన్సెప్‌కు శాసనపఠనంలో తోడ్పడినవారిలో కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితులు ఉన్నారు. కనుక దేశీయుల సామర్థ్యం ప్రిన్సెప్‌కు తెలియక కాదు. ఆ సామర్థ్యాన్ని సహాయంగా తప్ప పాండిత్యంగా లెక్కించే అవకాశం ఆ జ్ఞానవ్యవస్థలో లేదు. మిల్ తిరస్కారం అజ్ఞానం నుండి పుట్టింది, ప్రిన్సెప్ తిరస్కారం పరిచయం నుండి పుట్టింది. రెండవదే ఎక్కువకాలం నిలిచింది.

4. పరిశోధకుల చర్చ

ఈ అంశంపై ఆధునిక పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. వలస రాజ్యపు అధికారం దేశీయ స్వరాలను ఎలా అంచుకు నెట్టిందో నికొలాస్ డర్క్స్ నొక్కిచెప్పారు. ఫిలిప్ వాగొనర్ 2003 నాటి వ్యాసంలో నియోగి సహాయకుల శాసన పరిజ్ఞానం ఆర్కాటు నవాబుల పాలనా వ్యవహారాల్లో అలవడిన నైపుణ్యాల కొనసాగింపని వాదించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన గ్రంథం వలసపాలనకు ముందే దక్షిణాదిలో, ముఖ్యంగా కరణాల రచనల్లో, చారిత్రక స్పృహ ఉందని నిరూపించ ప్రయత్నించింది. రమా మంతెన ఈ సేకరణను ఆధునిక చరిత్రరచనా పద్ధతులు రూపుదిద్దుకున్న స్థలంగా చూశారు.

వీటిని కలిపి చూస్తే సయీద్ ప్రతిపాదనకు ఒక సవరణ అవసరమవుతుంది. ప్రాచ్యాన్ని గురించిన జ్ఞానం పూర్తిగా పాశ్చాత్యుల కల్పన కాదు. అది ఇద్దరూ కలిసి చేసిన పని. వలసాధికారం ఆ పనిలో పాలు పంచుకోనివ్వడమే కాక దానిపైనే ఆధారపడింది, యాజమాన్యాన్ని మాత్రం నిరాకరించింది.

అయితే కావలి సోదరులను బాధితులుగా మాత్రమే చూడడమూ సరికాదు. గ్రామంలో వారు ఎక్కువగా ప్రశ్నించింది కరణాలను, అర్చకులను, స్థానిక పెద్దలను. కైఫియత్తుల్లో భూమి హక్కులు, ఆలయ మాన్యాలు, వంశావళులు విస్తారంగా ఉన్నాయి. ఆ భూమిని దున్నినవారి మాట అరుదు. కలకత్తాలో లక్ష్మయ్యకు దక్కని చోటు, లక్ష్మయ్య బృందం రాసిన కైఫియత్తుల్లో మరెందరికో దక్కలేదు.

5. ముగింపు

వలసవారసత్వం పాత దస్తావేజుల్లోనే కాక మన ఉటంకింపుల్లోనూ ఉంది. 'మెకంజీ కైఫియత్తు ప్రకారం' అని నేటికీ రాస్తున్నాం. ఆ కైఫియత్తును రాసింది మెకంజీ కాదు. చాలాచోట్ల దాన్ని చదవగల శక్తి కూడా అతనికి లేదు. సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న ఆ ప్రతులకు నకళ్ళు రాయించి కాపాడాడు. ఆ నకళ్ళు రాసిన లేఖకులను గురించీ మనం అడగడం లేదు.

గ్రామం పేరు, సమాచారమిచ్చినవారు, సేకర్త, తేదీ కైఫియత్తులో నమోదైన ప్రతిచోటా వాటిని పేర్కొనడం మన పరిశోధనల్లో నియమం కావాలి. ఇది పాత అన్యాయానికి పరిహారం చెల్లించడం కోసం కాదు. ఎవరు అడిగారో, ఎవరు చెప్పారో తెలియకుండా ఆధారాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించడం సాధ్యం కాదు. దేశీయుడికి విమర్శనాశక్తి లేదన్న తీర్పును ఆగ్రహంతో ఖండిస్తూనే, అతని పేరు లేకుండా అతని రచనను వాడుకుంటే, 1836 నాటి నిర్ణయాన్ని మనమూ అమలు చేసినట్టే.