డబ్లిన్ ఇంగ్లీషులో మన "తిన్నాను"

డబ్లిన్ వచ్చిన కొత్తలో భోంచేశావా అని ఎవరినడిగినా "యెస్" అనేవారు కాదు, "ఐ డిడ్" అనేవారు. అచ్చం మన "తిన్నానండీ"లాగే! ఐరిష్ భాషలో అవును, కాదు అన్న మాటలు విడిగా లేవు. క్రియనే తిరిగి చెప్పాలి.

1831లో మొదలైన నేషనల్ స్కూళ్ళు ఇంగ్లీషులోనే చదువు చెప్పాయి. కొన్నిచోట్ల పిల్లల మెడలో కర్ర కట్టి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా గాటు పెట్టి, లెక్కపెట్టి మరీ కొట్టేవారు. ఆపైన 1845 కరువు. చాలా ఊళ్ళలో భాష పోయింది, వ్యాకరణం మాత్రం ఇంగ్లీషులో దాక్కుంది. "ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్" అంటే ఇప్పుడే తిన్నానని! ఆ బడుల్లోనే పాఠాలు చెప్పిన పి. డబ్ల్యు. జాయిస్ ఇలాంటివన్నీ ఏరి 1910లో పుస్తకం వేశారు.

తప్పులొస్తాయని మా అమ్మ ఇక్కడ నోరు విప్పేది కాదు. పక్కింటి పెద్దావిడ టీ తాగారా అంటే "ఐ డిడ్" అనమన్నాను. ఆ సాయంత్రం ఇద్దరూ గోడ దగ్గర గంటసేపు నిలబడ్డారు.