వెండి కరువునాటి రూపాయ

పరదేశపు వెండి డాలర్లు కరగి మన రూపాయలైన వృత్తాంతమును నేడు శ్రోతలకు విన్నవింప దలచినాను.

మొదటి ప్రపంచసంగ్రామమునాటికి నిజామాబాదు, బోధను ప్రాంతముల వర్తకులు రెండు విధముల రూపాయలు ఎరుగుదురు. ఒకటి నిజాము టంకసాలలోని హాలీ సిక్కా. రెండవది ఆంగ్లప్రభుత్వపు కల్దారు. నూరు కల్దారులకు సుమారు 116 హాలీ రూపాయలు వచ్చుచుండెను.

1914లో యుద్ధము మొదలయ్యెను. మన గోనెసంచులు, గోధుమలు, తోళ్లు మిత్రరాజ్యముల సేనలకు పోసాగినవి. వాని వెల చెల్లించుటకు రూపాయలు కావలెను. రూపాయలకు వెండి కావలెను. వెండి ధర పెరుగగా, రూపాయలోని లోహమే దాని చెల్లుబడి వెలను మించునను భయము పుట్టెను. అట్టి రూపాయను ఎవరు చేయిజార్చుకొందురు? జనులు దాచిరి. 1918 తొలినెలలలో బొంబాయి మున్నగు చోట్ల నోట్లు పట్టుకొని వెండికై ఖజానాల మీదికి ఎగబడిరి. నోటుమీది వాగ్దానము తప్పినచో ప్రభుత్వము మీది నమ్మకమే కూలును.

అంతట అమెరికా 1918 ఏప్రిలు 23న పిట్‌మన్ చట్టము చేసెను. ఖజానాలో నిలువయున్న డాలర్లు 27 కోట్లకు పైగా కరగింపబడినవి. సుమారు 20 కోట్ల ఔన్సుల వెండి, ఔన్సు ఒక డాలరు చొప్పున మన దేశమునకు అమ్మబడినది. స్వేచ్ఛాదేవత ముఖము గల నాణెము ఐదవ జార్జి ముఖము గల రూపాయ యయ్యెను!

ఆ యేడే నిజాము ప్రభుత్వము వేరొక త్రోవ త్రొక్కినది. ఆంగ్లప్రభుత్వ సమ్మతితో 1918లో 10, 100 రూపాయల నోట్లను, మరుసటి యేడు 1, 5 రూపాయల నోట్లను వెలువరించినది. వానిపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడములలోను విలువ ముద్రింపబడినది. నమ్మవలసినవాడు పల్లెరైతు కదా! నిజాంసాగరపు నీటితో చెరకు పండి, 1937లో బోధనునందు చక్కెర కర్మాగారము నెలకొనునాటికి ఆ రైతునకు కాగితము క్రొత్తది కాదు.

రెండవ యుద్ధమునను ఇదే చిక్కు. 1940లో కల్దారు రూపాయలోని వెండి సగమునకు దింపబడెను. అమెరికా మరల 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండిని ఈమారు అప్పుగా నిచ్చెను.

1918, 1919 ముద్రలు గల కల్దారు మీ యింట నున్నచో ఒకసారి చేతికి తీసికొనుడు. అందు కరగిన డాలరు కొంత కలిసియుండవచ్చును. నోటునకు వెండి యిత్తునన్న మాట నిలుపుటకై అది సముద్రములు దాటి వచ్చినది.