బడి గదికి ఒక దరఖాస్తు



మీ బడి గోడమీద ఒక ఫలకం ఉండే ఉంటుంది. పాత బడి అయితే నల్లరాతి మీద దాతల పేర్లు, వారిచ్చిన రూపాయలు చెక్కి ఉంటాయి. కొత్త గది అయితే పాలరాతి పలకమీద ఒక పథకం పేరు, అంచనా వ్యయం, ప్రారంభోత్సవం తేదీ ఉంటాయి. రోజూ దాని పక్కనుంచే నడిచి వెళ్తారు కాని, నిలబడి చదివినవారు మీలో ఎందరు? ఈ రెండు రకాల ఫలకాల మధ్య మన దేశంలో బడి భవనాలకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడమనే సుదీర్ఘ చరిత్ర ఉంది. ఈ ప్రసంగంలో దాన్ని చూద్దాం.

నేను చరిత్ర మాస్టారిని కాను, భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. కొన్నేళ్ల క్రితం ఒక పల్లె బడి కమిటీ అదనపు తరగతి గది కోసం దరఖాస్తు పెట్టుకుంటుంటే, లెక్కలు చూసిపెట్టమని నన్ను పిలిచారు. ఒక పూటలో అయిపోతుందనుకున్న పనికి మూడు వారాలు పట్టింది. ఆ కాగితాలలోని ప్రతి గడి వెనుకా ఎప్పుడో జరిగిన వాదన ఒకటి ఉందని అప్పుడు తెలిసింది. చరిత్ర పుస్తకాలు తిరగేయడం అలా మొదలుపెట్టాను.

అసలు బడికి భవనం అనేదే మనకు కొత్త. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్ల చేత బడుల లెక్క తీయించాడు. 1826లో వెలువడిన మొత్తం ప్రకారం ఆ రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. వీటిలో చాలావాటికి సొంత కట్టడం లేదు. పంతులుగారి ఇంటి అరుగు, గుడి మంటపం, చెట్టు నీడ, ఇవే బడులు. అందుకే వాటిని అరుగుబడి, వీధిబడి అన్నారు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో తన జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికి కూడా ప్రభుత్వ సాయం అందడం లేదని సిగ్గుపడుతూ రాశాడు. బళ్లారి జిల్లాలో అప్పుడు తెలుగు గ్రామాలు చాలానే ఉండేవని గుర్తుంచుకోండి.

ఇక డబ్బు అడిగే పద్ధతి ఎక్కడ పుట్టిందో చూద్దాం. దీనికి ఇంగ్లండు వెళ్లాలి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు పేదపిల్లల బడి భవనాల కోసం 20,000 పౌండ్లు మంజూరు చేసింది. షరతు ఏమిటంటే, కట్టడం ఖర్చులో సగం స్థానికులు చందాలుగా పోగుచేసి చూపాలి. అప్పుడే మిగతాది ఖజానా ఇస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది. చందా ఇచ్చినవాడికి బడిమీద మమకారం ఉంటుంది, డబ్బు వృథా కాదు అనుకున్నారు. కాని ఫలితం ఏమైందో ఊహించండి. సగం పోగుచేయగల ఊళ్లకు డబ్బు వెళ్లింది. ఆ సగం కూడా లేని ఊళ్లు, అంటే బడి అవసరం ఎక్కువగా ఉన్న ఊళ్లు, దరఖాస్తే పెట్టలేకపోయాయి. ఈ చిక్కును మనసులో ఉంచుకోండి. ఇది పేరు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1854 జూలై 19న వెలువడిన చార్లెస్ వుడ్ లేఖ ఇంగ్లండులోని ఆ గ్రాంటు పద్ధతినే మన దేశానికి తెచ్చింది. ప్రతి రాజధానిలో విద్యాశాఖ ఏర్పడింది. మద్రాసుకు 1855లో ఆర్బత్‌నాట్ తొలి డైరెక్టరు అయ్యాడు. స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల దగ్గర ఎంత తక్కువైనా ఫీజు తీసుకోవాలి. ఈ షరతులకు లోబడిన బడికి జీతాలకు, పుస్తకాలకు, మెరుగైన బడి కట్టడానికి సాయం చేయవచ్చు అన్నారు. పంతులుగారి అరుగుకు యాజమాన్యం ఎక్కడిది? కమిటీలు, ఖాతాలు, ఇంగ్లీషులో ఉత్తరాలు రాయగల గుమాస్తాలు ఉన్న మిషనరీ సంస్థలు, పట్టణాల పెద్దలు ముందు నిలిచారు. అరుగుబడి వెనకబడింది. దరఖాస్తు రాయడం కూడా ఒక చదువే అని నాకు అనిపించేది ఇక్కడే.

అయితే మన గోదావరి జిల్లాలో దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి అదే కాలంలో నడిచింది. దానిగురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టాలో పంటలు పెరిగాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. రాజమండ్రి సబ్‌కలెక్టరు టేలర్ నరసాపురం ప్రాంతపు రైతులతో మాట్లాడి, భూమిశిస్తుతో పాటు బడి కోసం కొంచెం అదనంగా చెల్లించడానికి ఒప్పించాడు. ఆ డబ్బుతో తెలుగు బడులు నడపాలన్నది ఒప్పందం. నరసాపురం చుట్టుపక్కల మొదలైన ఈ పద్ధతి మరెన్నో గ్రామాలకు పాకింది. నరసాపురంలో ఆయన పేరుతో హైస్కూలు నేటికీ ఉంది.

తేడా గమనించారా? ఇక్కడ ఒక దాత ముందుకు రావడం, దరఖాస్తు పెట్టడం, సగం చూపడం లేవు. ఊరంతా తలా కొంచెం చెల్లిస్తుంది, ఊరందరి పిల్లలకు బడి వస్తుంది. ఇంగ్లండులో ఇలాంటి స్థానిక విద్యా పన్ను 1870 చట్టంతో గాని రాలేదు. మరి మనవాళ్లు ముందే చేశారని గర్వపడదామా? ఆగండి. శిస్తు వసూలు చేసే అధికారే వచ్చి బడికి ఇవ్వండి అంటే కాదనే ధైర్యం ఎంతమంది రైతులకు ఉంటుంది? ఈ స్వచ్ఛందం ఎంతవరకు స్వచ్ఛందం అన్న ప్రశ్న ఆ రోజుల్లోనే తలెత్తింది. చట్టబలం లేని వసూలు కాబట్టి 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. ప్రజలు కోరుకుంటే బడి పన్ను వేసుకోవచ్చని దాని సారాంశం. కోరి పన్ను వేసుకునేవారు ఎక్కడా పెద్దగా దొరకలేదు. 1871 స్థానిక నిధుల చట్టంతో ఆ బాధ్యత బోర్డులకు పోయింది. 1884 తరువాత జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. మీ తాతగారు 'బోర్డు స్కూల్లో చదివాను' అంటే అర్థం ఇదే. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఆ బడులే జిల్లా పరిషత్ హైస్కూళ్లు అయ్యాయి. హైదరాబాద్ సంస్థానంలో కథ వేరుగా నడిచింది. దానికి ఇంకో ప్రసంగం కావాలి.

జాతీయోద్యమ కాలాన్ని ఇక్కడ త్వరగా దాటుతున్నాను. గోఖలే 1911 మార్చిలో ప్రాథమిక విద్యను క్రమంగా నిర్బంధం చేసే బిల్లు పెట్టాడు. ఏడాది తరువాత అది 13 ఓట్లకు 38 ఓట్లతో వీగిపోయింది. డబ్బెక్కడిది అన్నదే ప్రధానమైన అడ్డుపుల్ల.

స్వాతంత్ర్యం వచ్చాక పదేళ్లలో పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని రాజ్యాంగం 45వ అధికరణం చెప్పింది. బడులు పెరిగాయి, గదులు అంత వేగంగా పెరగలేదు. 1950ల చివర కామరాజ్ హయాంలో మద్రాసు రాష్ట్రంలో పాఠశాలల అభివృద్ధి మహాసభలు జరిపి, ఊరివాళ్ల చేత గదులు, బల్లలు, గడియారాలు సమకూర్పించారు. మన దగ్గర 1997లో మొదలైన జన్మభూమిలో కూడా ప్రజల వాటా చెల్లించి గదులు కట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. మంచి పనులే. కాని 1833 నాటి చిక్కు వీటిలోనూ ఉంది. వాటా కట్టలేని తండాకు, గూడేనికి గది ఎలా వస్తుంది?

ఈ ప్రశ్నను తలకిందులు చేసి చూసినది 1986 జాతీయ విద్యావిధానం. దానిని అనుసరించి 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రెండు పెద్ద గదులు, కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, పటాలు, బోధన సామగ్రి ఉండాలి అంది. ఎవరు చందా తెచ్చారు అని కాకుండా ఎక్కడ లేదు అని అడగడం ఇక్కడ మొదలైంది. లోపం ఏమిటంటే, సామగ్రికి, రెండో ఉపాధ్యాయుడికి కేంద్రం డబ్బు ఇచ్చింది. గదులను మాత్రం రాష్ట్రాలు ప్రధానంగా గ్రామీణ ఉపాధి పథకాల నిధులతో కట్టుకోవాలి. సైన్సు కిట్టు వచ్చి, పెట్టుకోవడానికి గది లేక హెడ్మాస్టారి ఇంట్లో తాళంవేసి ఉన్న బడిని నేను చూశాను. పోతుందన్న భయంతో ఆయన దాన్ని తెరవనేలేదు. పిల్లలు అయస్కాంతాన్ని పెట్టె మీది బొమ్మలోనే చూశారు.

1994లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. ఇప్పుడు మనం దరఖాస్తు దగ్గరికి వచ్చాం. సర్వశిక్షలో గది కావాలంటే ముందు ఆ లోటు లెక్కల్లో కనిపించాల్సి ఉండేది. ప్రతి ఏటా బడినుంచి సమాచార పత్రం వెళ్తుంది. తరువాతి కాలంలో దాన్ని యు-డైస్ అన్నారు. ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఉంటుంది: రాష్ట్రానికి రెండు అంకెలు, జిల్లాకు రెండు, మండలానికి రెండు, గ్రామానికి మూడు, బడికి రెండు. పిల్లలెందరు, ఉపాధ్యాయులెందరు, గదులెన్ని, అందులో బాగున్నవెన్ని, మరమ్మతు కావలసినవెన్ని అని పత్రం అడుగుతుంది. ఈ అంకెలు జిల్లా ప్రణాళికలో, అక్కడినుంచి రాష్ట్ర వార్షిక ప్రణాళికలో చేరి ఢిల్లీలోని ఆమోదమండలికి వెళ్తాయి.

నేను సాయం చేసిన దరఖాస్తు ఆగిపోయింది ఈ గడి దగ్గరే. ఆ బడిలో నాలుగు గదులు ఉన్నాయని రాసి ఉంది. వెళ్లి చూస్తే ఒకటి వరండాకు తడికె కట్టినది. ఇంకొకదాని శ్లాబు పెచ్చులూడి ఇనుపకడ్డీలు కనిపిస్తున్నాయి. లోపల ఎవరూ కూర్చోవడం లేదు. కాని ఎప్పుడో ఎవరో 'నాలుగు' అని రాశారు. ప్రతి ఏడూ కిందటి ఏడు చూసి అదే దింపారు. కాగితంలో లోటు లేదు కాబట్టి గది లేదు. కొలతలో పొరపాటు ఉంటే ఎంత గొప్ప సూత్రం వాడినా జవాబు తప్పే వస్తుందని ప్రయోగశాలలో మీకు చెబుతుంటాం కదా. ఇక్కడ ఆ తప్పు ఖరీదు నలభైమంది పిల్లలు వానలో కూర్చోవడం. కమిటీ తీర్మానం రాసి, ఇంజనీరు చేత ఆ గది పనికిరాదని ధ్రువీకరింపజేసి, పత్రంలో అంకె మార్పించడానికే ఆ మూడు వారాలు.

మంజూరు అయ్యాక కూడా కథ ఉంది. సర్వశిక్షలో కట్టడాల ఖర్చు ప్రణాళిక మొత్తంలో 33 శాతం మించకూడదని నియమం పెట్టారు. డబ్బంతా ఇటుకలకూ సిమెంటుకూ పోయి చదువుకు మిగలదేమోనని ఆ జాగ్రత్త. కాంట్రాక్టరుకు ఇవ్వకుండా కమిటీయే కట్టించాలి అన్నారు. మన రాష్ట్రంలో 1998 చట్టంతో ఏర్పడిన పాఠశాల విద్యా కమిటీలు అప్పటికే ఉన్నాయి. డబ్బు విడతలుగా వస్తుంది: పునాదికి కొంత, లింటెల్‌కు కొంత, శ్లాబుకు కొంత. ప్రతి దశలో ఇంజనీరు ఎం-బుక్కులో కొలతలు రాస్తేనే తరువాతి విడత. ఇందులో ఒక శాస్త్ర విషయం ఉంది. గదికి ఇంత అని ఒకే రేటు కడతారు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు విడుస్తుంది. దానిలో పునాది లోతుగా, గట్టిగా వేయాలి, ఖర్చు ఎక్కువ. ఎర్రనేల ఊరికిచ్చిన డబ్బుతోనే అక్కడా కట్టమంటే రెండేళ్లలో గోడ చీలుతుంది. అప్పుడు మేస్త్రీని తిడతారు, కమిటీని తిడతారు.

గది అంటే ఎంత ప్రాణప్రదమో 2004 జూలై 16న దేశానికి తెలిసింది. తమిళనాడు కుంభకోణంలో ఒక ప్రైవేటు బడి వంటగదిలో అంటుకున్న నిప్పు పూరి కప్పుకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ దుర్ఘటన నేపథ్యంలో వేసిన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా ఇమిడి ఉందని తీర్పు చెప్పింది. అదే ఏడు వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో ప్రతి ఉపాధ్యాయుడికి కనీసం ఒక తరగతి గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ లేదా కంచె ఉండాలని రాసింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఇందుకు మూడేళ్లు గడువిచ్చింది. అంటే గది ఇక దయ కాదు, హక్కు.

అయినా లెక్క వేసి చూడండి. ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు చాలు అంటుంది అదే షెడ్యూలు. ఉపాధ్యాయుడికొక గది అంటే రెండు గదులు. తరగతులు మాత్రం ఐదు! యాభైమంది పిల్లలున్న చిన్న ఊరి బడి, చట్టం ప్రకారం ఏ లోటూ లేని బడి, ఐదు తరగతులను రెండు గదుల్లో నడుపుకోవాలి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అడిగినవీ రెండు గదులే. నా దృష్టిలో ఈ చట్టంలోని పెద్ద లోటు ఇదే. అవసరాన్ని తలలతో కొలిచారు, తరగతులతో కొలవలేదు.

తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు-నేడు తొలిదశలో 15,715 బడులను, తెలంగాణలో 2022 మార్చిలో ప్రారంభమైన మన ఊరు-మన బడి తొలిదశలో 9,123 బడులను ఎంపిక చేశారు. వీటి మంచిచెడ్డలు మీ కళ్ల ముందరివే. మీ బడి అందులో ఉంటే ఏ పని పూర్తయిందో, ఏది సగంలో ఆగిందో నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

చివరగా ఒక పని చెబుతాను. విద్యాహక్కు చట్టం 22వ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీ ఒక అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. గ్రాంటు మంజూరుకు అదే ఆధారం. కమిటీలో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులే కాబట్టి, మీలో ఎవరి అమ్మో నాన్నో అందులో ఉండవచ్చు. హెడ్మాస్టారి అనుమతితో ఆ ప్రణాళిక, ఆ ఏటి యు-డైస్ పత్రం తీసుకోండి. ఒక టేపు పట్టుకుని ఇద్దరు చొప్పున బడి అంతా తిరగండి. ప్రతి గది పొడవు, వెడల్పు, కిటికీలు, వాన కారే చోట్లు రాసుకోండి. తాళంవేసి ఉన్న గది కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి. మీ కాగితాన్ని వారి కాగితం పక్కన పెట్టండి. అంకెలు కలవకపోతే, తేదీ వేసి, కమిటీ తరువాతి సమావేశం ఎప్పుడో కనుక్కోండి.